ఊద్ అంటే అత్తరా, వాద్యమా?

పోయిన సంచికలో సరోద్ గురించి ఒక పాఠకుడికి జవాబు రాస్తూ, మాటల మధ్యలో "అరబ్బుల ఊద్‌కి కూడా మెట్లు ఉండవు" అని ఒక్క ముక్క రాశాను (మెట్లంటే వీణ మీద స్వరాల చోట్లు చూపే అడ్డ కమ్మీలు). ఆ ఒక్క ముక్క పట్టుకుని ఇన్ని ఉత్తరాలు వస్తాయని అనుకోలేదు. సగానికి సగం గల్ఫ్ నుంచే వచ్చాయి. అందుకే ఈసారి శీర్షిక మొత్తం ఊద్‌కే ఇచ్చేస్తున్నాను. ఒకే ప్రశ్న నలుగురైదుగురు అడిగినచోట ఒక్కరి ఉత్తరమే వేశాను, మిగతావాళ్లు ఏమీ అనుకోవద్దు.

ప్రశ్న (రాయచోటి, ప్రస్తుతం కువైట్): పదకొండేళ్లుగా ఇక్కడ ఇంటి డ్రైవర్‌గా పనిచేస్తున్నాను. మా బాబా (యజమాని) దివానియాలో, అంటే అతిథులు కూర్చునే గదిలో, రాత్రిళ్లు దోస్తులంతా కూర్చుని సగం గుమ్మడికాయలా ఉండే ఒక వాద్యం వాయిస్తారు, దాన్ని ఊద్ అంటారు. అదే గదిలో నిప్పుల మీద వేసే సువాసన చెక్కనీ ఊద్ అంటారు, సీసాలో అత్తరునీ ఊద్ అంటారు. ఒకే పేరు ఇన్నింటికి ఎలా వచ్చింది? ఏది ముందు?

జవాబు: మీరు రోజూ వింటున్న మాట కాబట్టి ముందు దాని మామూలు అర్థం దగ్గరికి వెళ్దాం. అరబ్బీలో ఊద్ అంటే కట్టె, చెక్క, పుల్ల, కొమ్మ. అంతే. పండితులు వాడే మాటేం కాదు, వంటింటి మాట. అగ్గిపుల్లని వాళ్లు 'ఊద్ సికాబ్' అంటారు, పళ్లు కుట్టుకునే పుల్ల కూడా ఊదే. కాబట్టి అత్తరు నుంచి వాద్యానికి గానీ, వాద్యం నుంచి అత్తరుకి గానీ పేరు పోలేదు. రెండూ 'చెక్క' అనే మాట నుంచి వేర్వేరుగా వచ్చాయి. నిప్పుల మీద వేసేది వాసన చెక్క, ఒళ్లో పెట్టుకుని వాయించేది పాడే చెక్క, రెండింటికీ 'వాసన', 'పాడే' అనే విశేషణాలు రాలిపోయి చెక్క మిగిలింది.

వాసన చెక్క మనకు కొత్తదేమీ కాదు, అది మన అగరు. అస్సాంలోనూ, అక్కడి నుంచి తూర్పుకు ఉన్న దేశాల్లోనూ పెరిగే చెట్టు. దానికి గాయమై, బూజు పట్టినప్పుడు చెట్టు తనని తాను కాపాడుకోవడానికి నల్లటి జిగురులాంటి పదార్థం ఊరుస్తుంది, ఆ జిగురు పట్టిన చెక్కే ఊద్. అరబ్బులు దాన్ని పాతకాలం నుంచీ 'ఊద్ హిందీ' అన్నారు, అంటే హిందూ దేశపు చెక్క. పేరు వాళ్లది, చెక్క మన దేశంది.

ఇప్పుడు అసలు సంగతి. మీ అమ్మగారు పొద్దున్నే దేవుడి పటం ముందు ఏం వెలిగిస్తారు? ఊదుబత్తి. కొన్ని ఇళ్లలో ఊదొత్తి అంటారు. ఆ 'ఊదు' ఈ ఊదే! ఉర్దూలో ఊద్-బత్తీ, అక్కడి నుంచి మనకూ, కన్నడానికీ, మరాఠీకీ వచ్చింది. మనకు 'ఊదడం' అనే క్రియ వేరే ఉంది కాబట్టి, పొగ ఊదుతుంది గనక ఊదుబత్తి అని చాలామంది అనుకుంటారు, నేనూ చిన్నప్పుడు అలాగే అనుకున్నాను. పీర్ల పండక్కి పల్లెల్లో నిప్పుల మీద ఊదు వేస్తారు కదా, అదీ ఇదే మాట, వేసేది అగరు చెక్క కాకుండా సాంబ్రాణి అయినా సరే పేరు మాత్రం ఊదే. అంటే కువైట్‌లో మీరు వింటున్న మాట రాయచోటిలో మీ ఇంట్లో ముందు నుంచీ ఉంది.

వాద్యానికి 'చెక్క' అని పేరేంటి అని కొందరికి అనిపించొచ్చు. మన వేణువు చూడండి. వేణువు అంటే సంస్కృతంలో వెదురు. వంశీ అన్నా వంశం, అంటే వెదురే. చెక్కభజన చేసేవాళ్ల చేతుల్లో ఉండే వాద్యాన్ని మనం ఏమంటాం? చెక్కలు. చేతికి ఏది తగిలితే ఆ పేరు పెట్టడం వాయించేవాళ్లకి ఎక్కడైనా అలవాటే.

ఇంకో చిన్న విషయం, మీరు కువైట్‌లో ఉన్నారు కాబట్టి. మీ బాబా దివానియాలో వినిపించేది బహుశా 'సౌత్' అనే పాట అయి ఉంటుంది, ఊద్‌తో పాటు మిర్వాస్ అనే చిన్న డోళ్లు కూడా వాయిస్తూ ఉంటే అది సౌతే. ఈ పాటకి ఒక రూపం తెచ్చినవాడిగా కువైటీలు చెప్పుకునే అబ్దుల్లా అల్ ఫరజ్ 19వ శతాబ్దపు కవి, చిన్నతనం బొంబాయిలో గడిపినవాడు. దివానియా అనే మాటకీ మన దివాణానికీ మూలం ఒకటే, అది కూడా గుర్తుపెట్టుకోండి, ఈసారి వాళ్ల మధ్య కూర్చున్నప్పుడు చెప్పడానికి బాగుంటుంది.

ప్రశ్న (హైదరాబాద్, కాలేజీ లెక్చరర్): ఊద్ అనేది అరబ్బీ మాటే కాదనీ, పారసీ 'రూద్' నుంచి వచ్చిందనీ చదివాను. 'చెక్క' కథ తర్వాత అతికించిందేనా? మీ అభిప్రాయం సూటిగా చెప్పండి.

జవాబు: సూటిగా అయితే, నేను చెక్క వైపే. కానీ రెండో వాదం తీసిపారేసేది కాదు, అందుకే కాస్త వివరంగా రాస్తాను.

చెక్క వాదానికి ఉన్న పెద్ద ఇబ్బంది మీలాంటివాళ్లు వెంటనే పట్టేస్తారు. తీగల వాద్యాలన్నీ చెక్కతోనే చేస్తారు కదా, మరి దీనికొక్కదానికే ఆ పేరు ఎందుకు? దీనికి 20వ శతాబ్దం మొదట్లో అరబ్బు సంగీతం మీద చాలా పనిచేసిన హెన్రీ జార్జ్ ఫార్మర్ లాంటివాళ్లు చెప్పిన సమాధానం, వాద్యం ముఖాన్ని చూడమని. అంతకుముందు అరబ్బుల దగ్గర ఉన్న మిజ్హర్ అనే వాద్యానికి ముఖం మీద తోలు బిగించి ఉండేది, మన డప్పుకి బిగించినట్టు. దాని తర్వాత వాళ్ల చేతికి వచ్చినదానికి ముఖం కూడా చెక్కే. తోలుదాన్ని పక్కన పెట్టుకుని చూసేవాడికి ఇది 'చెక్కది' అనిపించడంలో వింతేముంది? తోలు ముఖం వాద్యాలు ఎక్కడో పాత పుస్తకాల్లోనే ఉన్నాయనుకోకండి. యెమెన్‌లో ఖన్‌బూస్ అని ఒక చిన్న వాద్యం ఇప్పటికీ ఉంది, ఒకే కట్టెని తొలిచి, ముఖాన మేక తోలు బిగిస్తారు. ఓడల్లో వెళ్లిన యెమెన్ వాళ్లతో పాటు అది మలయా, ఇండోనేషియా దీవులకి వెళ్లి గంబూస్ అయింది. అదే యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి నిజాం సైన్యంలోకి వచ్చినవాళ్ల వారసులే మన హైదరాబాద్ బార్కస్‌లో ఉన్నారు. వాళ్ల వెంట మనకు వచ్చి నిలిచింది మాత్రం తీగల వాద్యం కాదు, పెళ్లి బరాత్‌లలో వినిపించే మర్ఫా.

ఇక రూద్. పారసీలో రూద్ అంటే తీగ, తీగల వాద్యం. రూదా అంటే పేగు. పాతకాలంలో తీగలు పేగుతో చేసేవారు కాబట్టి ఈ రెండు మాటలూ ఒకే చోటి నుంచి వచ్చాయని ఊహించడం తేలికే. అరబ్బీ వాద్యాల చరిత్ర మీద పనిచేసిన జర్మన్ పండితుడు ఎక్‌హార్డ్ నాయ్‌బావర్, ఊద్ అనేది ఈ రూద్‌నే అరబ్బులు తమ నోటికి అనువుగా మలుచుకున్న రూపం కావచ్చు అన్నాడు. వాద్యం పారసీకుల బర్బత్‌కి చాలా దగ్గరిది కాబట్టి మాట కూడా అటు నుంచే వచ్చిందనడం అర్థం చేసుకోదగ్గదే.

నాకు అడ్డం పడేది 'ర'. అరబ్బీలో 'ర' లేకపోతే సరే, కానీ ఉంది, బోలెడంత ఉంది. బర్బత్‌ని అరబ్బులు తీసుకున్నప్పుడు 'ర' పోలేదు. మన తంబురాకి బంధువైన తన్‌బూర్‌ని తీసుకున్నప్పుడూ పోలేదు. అన్నిటికంటే గట్టి సాక్ష్యం షాహ్‌రూద్. 10వ శతాబ్దంలో అల్ ఫారాబీ తన సంగీత గ్రంథంలో ఆ పేరున్న వాద్యాన్ని వర్ణించాడు, అందులో రూద్ ఉన్నది ఉన్నట్టుగా ఉంది. ఒక పేరులో చక్కగా నిలిచిన 'ర' ఇంకో పేరులో ఎగిరిపోయి, దాని స్థానంలో 'ఐన్' అనే గొంతు లోపలి అరబ్బీ అక్షరం వచ్చి కూర్చుందని నమ్మాలంటే నాకు ఇంకా బలమైన ఆధారం కావాలి. రూద్‌ని పట్టుకుని ఇంకా వెనక్కి వెళ్లి రుద్రవీణలోని రుద్రుడితో ముడిపెట్టేవాళ్లూ ఉన్నారు, చెవికి దగ్గరగా వినిపించడం తప్ప అందులో నాకు ఏ దారీ కనిపించలేదు.

కానీ పారసీకుల వాటా అసలు లేదంటే అది అబద్ధం అవుతుంది, అది వాద్యం పేరులో లేదు గానీ తీగల పేర్లలో ఉంది. 9వ శతాబ్దంలో బాగ్దాద్‌లో ఉన్న తత్వవేత్త అల్ కిందీ కాలానికి ఊద్‌కి నాలుగు తీగలు. మంద్రం నుంచి పైకి వాటి పేర్లు బమ్, మస్లస్, మస్నా, జీర్. నడిమి రెండూ అచ్చమైన అరబ్బీ, మస్నా అంటే రెండోది, మస్లస్ అంటే మూడోది. రెండు చివర్లలోని బమ్, జీర్ పారసీ మాటలు! ఒకే వాద్యం మీద నాలుగు తీగలు, రెండు భాషలు. గొంతు హెచ్చుతగ్గులకి ఉర్దూలో 'జీర్-ఓ-బమ్' అంటారు కదా, మీరు హైదరాబాద్‌లో విని ఉంటారు, అది ఈ తీగల నుంచి వచ్చిందే. అల్ కిందీ ఆ నాలుగు తీగలనీ అప్పటి వైద్యంలోని నాలుగు ధాతువులకి కూడా జతచేశాడు. జీర్‌కి పచ్చ పైత్యం, మస్నాకి రక్తం, మస్లస్‌కి కఫం, బమ్‌కి నల్ల పైత్యం. వాతపిత్తకఫాల మధ్య పెరిగిన మనకి ఇది వింతగా ఏమీ అనిపించదు.

ప్రశ్న (నిజామాబాద్): దాన్ని తెలుగులో ఔద్ అని రాయాలా, ఊడ్ అని రాయాలా? రెండూ చూశాను.

జవాబు: రెండూ వద్దు, ఊద్ అని రాయండి. ఇంగ్లీషు అక్షరాల్లో రాసినదాన్ని చూసి తెలుగులోకి దించుకుంటే ఔద్ అవుతుంది, చెవితో విని రాసుకుంటే ఊద్ అవుతుంది. చివర 'ద' పలచగా, పళ్లకి నాలుక తగిలేలా. మొదట్లో ఉన్న గొంతు శబ్దానికి మన అక్షరమాలలో చోటు లేదు, దాని గురించి టెన్షన్ పడకండి.

ప్రశ్న (విజయనగరం, వీణ విద్యార్థిని): మెట్లు లేకుండా స్వరం ఎలా నిలబడుతుంది? ఊద్‌కీ మన వీణకీ పోలికలేమైనా ఉన్నాయా?

జవాబు: మీ ఊరి నుంచి ఈ ప్రశ్న రావడం నాకు చాలా సంతోషం, ఎందుకంటే పోలిక మొదలుపెట్టాల్సింది బొబ్బిలి దగ్గర. గొల్లపల్లిలో వీణ ఎలా చేస్తారో మీరు చూసే ఉంటారు. పనస దుంగ ఒకటి తీసుకుని కుండ, దండి అన్నీ ఆ ఒక్క దుంగలో నుంచే తొలుస్తారు, అందుకే దాన్ని ఏకాండి వీణ అంటారు. అతుకు ఉండదు. ఊద్ దీనికి పూర్తిగా ఎదురు. దానికి అతుకులే ప్రాణం. వాల్‌నట్ లాంటి గట్టి చెక్కని రెండు మూడు మిల్లీమీటర్ల మందాన పట్టీలుగా కోసి, తడిపి, వేడి ఇనుము మీద వంచి, ఒక అచ్చు మీద పక్కపక్కన అతికిస్తారు. పదిహేను, ఇరవై, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ పట్టీలు. ఒలిచిన కమలాపండులో తొనలు కలిసి ఉన్నట్టు ఉంటుంది వెనక వైపు. ముఖానికి మాత్రం మెత్తటి తేలికపాటి చెక్క, మామూలుగా స్ప్రూస్.

రెండేళ్ల కిందట ఒక మిత్రుడు మస్కట్ నుంచి తెచ్చిన ఊద్ మా ఇంట్లో రెండు రోజులు ఉంది. వీణ ఎత్తడానికి అలవాటైన చేత్తో దాన్ని ఎత్తబోయాను, చెయ్యి అనుకున్నదానికంటే పైకి లేచిపోయింది, అంత తేలిక, కిలో అటూ ఇటూగా ఉంటుందేమో. ముఖం మీద వేలితో తట్టితే లోపల గాలి కూడా కదిలినట్టు 'బుమ్మ్' అంది. ముఖం మీద చెక్కిన గుండ్రటి జాలీ ఉంటుంది, దాన్ని షంసా అంటారు, సూర్యుడు అని అర్థం. ఆ జాలీలో నుంచి కన్ను పెట్టి చూస్తే లోపల చేసినవాడి కాగితం అతికించి ఉంది, ముక్కు దగ్గర పెడితే కొత్త బీరువా తెరిచినట్టు చెక్క వాసన. ఊద్ అంటే చెక్క అన్నది నేను పుస్తకంలో ముందే చదివాను గానీ, నమ్మింది మాత్రం అప్పుడే.

మెట్ల సంగతికి వద్దాం. మన వీణకి 24 మెట్లు, మైనం మీద కదలకుండా కూర్చుంటాయి, గమకం కావాలంటే మనం తీగని లాగుతాం. ఊద్‌కి మెట్లు లేవు, వేలు ఎక్కడ పడితే అక్కడే స్వరం. వయొలిన్ నేర్చుకునే మీ స్నేహితురాలిని అడగండి, తనకి ఇది వెంటనే అర్థమవుతుంది. అరబ్బులకి ఇది అవసరం కూడా. వాళ్ల రాగాల్లాంటి మఖామ్‌లలో రాస్త్ అని ఒకటి ఉంది, చాలా ముఖ్యమైనది. దాని మూడో స్వరం మన సాధారణ గాంధారానికీ అంతర గాంధారానికీ నడుమ ఎక్కడో ఉంటుంది. సరిగ్గా ఎక్కడ అంటే ఈజిప్టు వాళ్లు ఒక చోట, టర్కీ వాళ్లు ఇంకాస్త పైన పెడతారు. మెట్టు బిగిస్తే ఆ స్వరం ఒక్కచోటే ఉండిపోతుంది. వేలు వదిలేస్తే ఊరిని బట్టి, పాటని బట్టి కదులుతుంది.

తీగలు మామూలుగా 11. అయిదు జంటలు, ఒకటి ఒంటరి మంద్రం. మెడ పొట్టిది, బిరడలు ఉండే తల వెనక్కి దాదాపు లంబకోణంలో విరిచినట్టు ఉంటుంది. మీటేది వేళ్లతో కాదు, పొడవాటి సన్నని పట్టీతో. దాన్ని రీషా అంటారు, రీషా అంటే ఈక, మొదట్లో నిజంగానే గద్ద ఈక. టర్కీలో దాన్నే మిజ్రాప్ అంటారు, మన సితార్ వాళ్లు వేలికి తొడుక్కునే మిజ్రాబ్ ఆ మాటే.

వీణకీ దీనికీ రక్తసంబంధం ఉందా అంటే, ఇప్పటి మన వీణకి సూటిగా లేదు. కానీ ఇలాంటి పొట్టి మెడ, కిందకి ఉబ్బిన పొట్ట ఉన్న వాద్యాలు గాంధార శిల్పాల్లో ఉన్నాయి. మన అమరావతి, నాగార్జునకొండ శిల్పాల్లోనూ విల్లులాంటి పాత వీణతో పాటు ఈ రకం కూడా కనిపిస్తుంది. ఈసారి మ్యూజియానికి వెళ్తే బుద్ధుడి చుట్టూ ఉన్న వాద్యకారుల చేతులు చూడండి. ఆ కుటుంబంలోనే తూర్పుకి పోయిన శాఖ చైనాలో పిపా, జపాన్‌లో బివా.

ప్రశ్న (గుంటూరు, ఎం.ఏ. ఇంగ్లీషు విద్యార్థి): షేక్‌స్పియర్ నాటకాల్లో వచ్చే లూట్ అనే వాద్యానికీ ఊద్‌కీ ఏమైనా సంబంధం ఉందా? పేర్లు కొంచెం దగ్గరగా అనిపిస్తున్నాయి.

జవాబు: కొంచెం దగ్గర కాదు, ఒకటే. అరబ్బీలో 'ఆ ఫలానా' అని చెప్పడానికి మాట ముందు 'అల్' చేరుతుంది, కాబట్టి వాళ్లు దీన్ని అల్-ఊద్ అంటారు. స్పెయిన్ వాళ్లు, పోర్చుగల్ వాళ్లు ఈ మాటని చెవితో విని తీసుకున్నారు, ఎక్కడ 'అల్' అయిపోయి ఎక్కడ ఊద్ మొదలవుతుందో వాళ్లకి తెలియాల్సిన పనిలేదు. పోర్చుగల్ వాళ్లు మొత్తం మింగి అలావుద్ అన్నారు. స్పెయిన్‌లో 'అ' రాలి లావుద్ అయింది, ఇటలీలో లియూతో, జర్మనీలో లావుటె, ఫ్రెంచిలో లూత్, ఇంగ్లీషులో లూట్. అంటే లూట్‌లో ఉన్న 'ల' వాద్యానిది కాదు, 'అల్'ది! ఆల్జీబ్రా, ఆల్కహాల్ లాంటి మాటల్లో 'అల్' పూర్తిగా నిలిచింది, ఇక్కడ సగం నిలిచింది. ఫ్రెంచి లూత్ నుంచే లూథియర్ అనే మాట వచ్చింది, ఇవాళ గిటార్ చేసేవాడినీ వయొలిన్ చేసేవాడినీ లూథియర్ అనే అంటారు, తన పేరులో అరబ్బీ చెక్క ఉందని వాళ్లలో ఎంతమందికి తెలుసో!

వాద్యం మాటతో పాటే నడిచి వెళ్లింది, స్పెయిన్ నుంచీ సిసిలీ నుంచీ. సిసిలీలో పలెర్మో రాజభవనంలో ఉన్న ప్రార్థనా మందిరం పైకప్పు మీద 12వ శతాబ్దంలో వేసిన బొమ్మల్లో ఊద్ వాయించేవాళ్లు ఇప్పటికీ కనిపిస్తారు. యూరప్ వాళ్లు తర్వాత దానికి పేగుతో మెట్లు కట్టుకున్నారు, ఈక వదిలి వేళ్లతో మీటడం మొదలుపెట్టారు, అలా అది వేరే వాద్యమైపోయింది.

స్పెయిన్ మాట వచ్చింది కాబట్టి జిర్యాబ్ గురించి చెప్పకుండా ఉండలేను. బాగ్దాద్‌లో ఇస్హాక్ అల్ మౌసిలీ అనే ఆస్థాన విద్వాంసుడి శిష్యుడు. గురువు అసూయపడి ఊరు వదిలి పొమ్మన్నాడని కథ. 822లో కోర్డోబా చేరి అక్కడి రాజు కొలువులో నిలదొక్కుకున్నాడు. ఊద్‌కి అయిదో తీగ చేర్చింది ఇతనే అంటారు. నాలుగు తీగలు నాలుగు ధాతువులైతే మధ్యలో ఈ అయిదోది ప్రాణం అని ఎర్ర రంగు వేశాడట. చాలా కాలం తర్వాత, 17వ శతాబ్దంలో అల్ మక్కరీ రాసినదాంట్లో ఇంకో ముచ్చట ఉంది. ఖలీఫా హారూన్ అల్ రషీద్ ముందు వాయించమంటే జిర్యాబ్ గురువు ఊద్ వద్దన్నాడట, నాదే కావాలన్నాడట, పైకి రెండూ ఒకలాగే ఉన్నాయి కదా అంటే, నాది మూడో వంతు తేలిక, తీగల్లో కొన్ని పట్టువి, కొన్ని సింహపు పిల్ల పేగువి అన్నాడట. ఇందులో నిజమెంతో గానీ, వాయించేవాడికి తన వాద్యం మీద ఉండే పట్టుదల మాత్రం వీణ వాళ్లందరికీ తెలిసిందే.

ప్రశ్న (అనంతపురం): ఊద్ ఆకారం మనిషి శవాన్ని చూసి చేశారని ఎవరో చెప్పారు. నిజమా?

జవాబు: కథ నిజంగానే ఉంది, పాత అరబ్బీ రచనల్లో. ఆదాము వంశంలో లామెక్ అనేవాడికి కొడుకు చనిపోయాడు. చూడకుండా ఉండలేక ఆ శవాన్ని చెట్టుకి వేలాడదీశాడు. మాంసం రాలి తొడ, కాలు, పాదం, వేళ్లు మిగిలాయి. అప్పుడు అతను ఒక చెక్క తీసుకుని తొడలా పొట్ట, కాలులా మెడ, పాదంలా వెనక్కి తిరిగిన తల, వేళ్లలా బిరడలు, నరాల్లా తీగలు పెట్టి, దాన్ని వాయిస్తూ ఏడ్చాడు. చరిత్రగా దీన్ని తీసుకోలేం. కానీ ఒకసారి విన్నాక ఊద్ తల అలా ఎందుకు వెనక్కి విరిగి ఉందో చూసిన ప్రతిసారీ ఆ పాదమే గుర్తొస్తుంది.

ప్రశ్న (కాకినాడ, ప్రస్తుతం డల్లాస్): వినడం ఎక్కడ మొదలుపెట్టాలి? ఎవరివి వినాలి?

జవాబు: పాట లేకుండా ఒట్టి ఊద్ వినాలంటే ఇరాక్‌కి చెందిన మునీర్ బషీర్‌తో మొదలుపెట్టండి, 1997లో పోయారు. ఆయన తక్సీం వినండి. తక్సీం అంటే మన ఆలాపన అనుకోండి, తాళం ఉండదు, మఖామ్‌ని కొంచెం కొంచెంగా విప్పుతారు. ఆయన మీటుకీ మీటుకీ మధ్య వదిలే నిశ్శబ్దం వినడానికి రాత్రి పూట, హెడ్‌ఫోన్స్‌తో అయితే మంచిది. హుషారు కావాలంటే ఈజిప్టు సినిమాల్లో పాడి, నటించి, ఊద్ వాయించిన ఫరీద్ అల్ అత్రష్. ఇప్పటివాళ్లలో ఇరాక్ నుంచి నసీర్ షమ్మా, ట్యునీషియా నుంచి అన్వర్ బ్రాహెమ్. బ్రాహెమ్ పియానో, సాక్సోఫోన్ వాళ్లతో కలిసి వాయిస్తారు కాబట్టి మీ పిల్లలకి కూడా నచ్చుతుంది.

ఈజిప్టు గాయని ఉమ్మ్ కుల్సూమ్ పాటలు విన్నప్పుడు వెనక ఊద్ వాయించే మహమ్మద్ అల్ ఖసబ్జీ మీద కొంచెం చెవి పెట్టండి. ఒకప్పుడు ఆమెకి పాటలు కట్టిన పెద్ద స్వరకర్త, తర్వాత ఆమె బృందంలోనే ఊద్ పట్టుకుని కూర్చుండిపోయాడు. 1966లో ఆయన పోయాక వేదిక మీద ఆయన కుర్చీని ఆమె ఖాళీగా ఉంచిందని చెబుతారు.

సిరియా, ఇరాన్ కలిసి పంపిన ప్రతిపాదన మీద ఊద్ తయారీనీ వాదననీ 2022లో యునెస్కో తన సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. అరబ్బులదా, పారసీకులదా అనే పాత పోట్లాటని పక్కనపెట్టి ఇద్దరూ ఒకే కాగితం మీద సంతకం పెట్టడం నాకు నచ్చింది.

ప్రశ్న (కరీంనగర్, ప్రస్తుతం షార్జా): ఆఫీసు అయ్యాక వారానికి రెండు రోజులు ఊద్ క్లాసుకి వెళ్తున్నాను. మా మాస్టారు ఈజిప్టు ఆయన. మాటిమాటికీ "ఖరార్", "జవాబ్" అంటుంటారు. నాకు అరబ్బీ అంతగా రాదు. జవాబు అంటే మనకి ఆన్సరే కదా, అక్కడ దాని పనేంటి?

జవాబు: ఉత్తరం చదివి లేచి కూర్చున్నాను. అవును, మన జవాబు అరబ్బీ మాటే. ఈ శీర్షికలో నేను ఇన్నేళ్లుగా ప్రతి సంచికలోనూ రాస్తున్న మాట. సవాలు కూడా అరబ్బీదే, అక్కడ దానర్థం ప్రశ్న. మనం దాన్ని ఛాలెంజ్ చేసేశాం.

ఇక మీ మాస్టారు చెప్పేది. ఏదైనా స్వరం కింది స్థాయిలో ఉంటే దాన్ని ఖరార్ అంటారు, సరిగ్గా అదే స్వరం పై స్థాయిలో పలికితే జవాబ్. మన లెక్కలో మధ్య షడ్జమం ఖరార్ అయితే తార షడ్జమం జవాబ్. ఖరార్ అంటే నిలకడ, కుదురుగా ఉన్న చోటు. "ధర ఖరారైంది", "పెళ్లి ముహూర్తం ఖరారు చేశారు" అంటాం కదా, అదే. కింద కుదురుకున్న స్వరానికి పై నుంచి వచ్చే బదులు జవాబ్.

ఈసారి క్లాసులో ఆయన "జవాబ్!" అన్నప్పుడు చెయ్యి పైకి జరిపి అదే స్వరం పై స్థాయిలో మీటండి. మీటాక వెంటనే రీషా ఆపి, కింది తీగ దానంతటదే సన్నగా కదులుతుందేమో వినండి. ఊద్ శ్రుతి బాగా కలిసి ఉంటే కదులుతుంది.